మూర్తి సారు నడిచిండు, గుట్ట అరిగింది

"మల్లొక్కసారి అను క్రాంతీ, మల్లొక్కసారి! మా మూర్తి సారు పని అయిపోయిందా?"

ఫిల్మ్ నగర్ మలుపుల శకుంతలమ్మ చాయ్ బండి ముంగట తెల్లకారుకు ఒరిగి, ఆటో క్రాంతికుమార్ మీద లేచిండు డ్రైవర్ హనుమంతు.

"నేనంటలేనన్నా, బజార్లంత అంటున్నరు. నాలుగు కార్లల్ల మూడు అమ్మిన్రు. పిచ్చర్లు తీసే మనిషి సంచి పట్కొని నడుస్తుండు. మిగిలిన ఒక్క కారు ఉంచాల్నా తీసెయ్యాల్నా, ఆయన బిడ్డ నిహారికమ్మ ఇయ్యాల తేలుస్తదంట గద. అది గూడ పోతే నీ నౌకరి ఏంగాను?"

"నా నౌకరా? ఓర్నీ! అమ్మిచ్చిందెవడనుకున్నవ్? నేను! గీ హనుమంతు! శకుంతలక్కా, ఇంకో చాయ్ పొయ్యి, వీనికి జర గ్యానం చెప్పాలె. గా ఇల్లు ముందు ఎట్లుండెనో ఎరుకేనా? పెరుగు ప్యాకెట్‌కు కారు. కొడుకు బాబీ పక్క గల్లీ జిమ్ముకు కార్ల పోయి, గాడ మిషిన్ మీద నడిచి, మల్ల కార్ల ఒచ్చెటోడు. కుక్క వాకింగుకు గూడ ఏసీ బండే. కాళ్లెందుకిచ్చిండ్రా దేవుడు, చెప్పులు తొడుక్కునెతందుకేనా? నాకు కోపం రాదా?"

"వస్తది, వస్తది. చెప్పు," అన్నది శకుంతలమ్మ చాయ్ వడగడుతూ.

"ఒకరోజు సారును కథ వినెతందుకు ఆఫీసుకు తోల్కపోతున్న. ఆఫీసేమో రోడ్డుకు అవతల, కంటికి కనిపిస్తనే ఉన్నది. కారు పోవాల్నంటె మాత్రం అంతదూరం పోయి యూటర్న్ కొట్టాలె. ట్రాఫిక్ల ఇరుక్కున్నం. కథ చెప్పే పోరడు కిటికీల నుంచి చెయ్యి ఊపుతుండు, సారు బండ్ల నుంచి చెయ్యి ఊపుతుండు. నేను ఇంజన్ బంద్ చేసిన. 'దిగు సారూ' అన్న. 'ఏంటయ్యా హనుమంతూ, ఇక్కడా?' అన్నడు. 'కాళ్లున్నయి గద సారూ, నడు' అన్న. దిగిండు, నడిచిండు. రోడ్డు దాటంగనే ఆఫీసు."

"గిదైతే అయ్యుంటది," అన్నడు క్రాంతి.

"అయ్యుంటది కాదు, అయ్యింది! అటెన్క ఏమైందో ఎరుకేనా? సారు నడుసుడు ఎవడో చూసిండు. ఇగ సూడు! ఫిల్మ్ నగర్ల కారు దిగి నడిచినోడంటె మునిగినోడే అని లెక్క. చాయ్ సల్లారకముందే ఫైనాన్సు ఇచ్చినోళ్లు ఉరికొచ్చిన్రు. హీరోగారి మేనేజరు ఉరికొచ్చిండు. ఇంకొకాయనైతే పూలదండ పట్టుకొచ్చి, 'ఎప్పుడు జరిగింది?' అని ఏడ్వవట్టె. మనిషి బతికే ఉన్నడ్రా, నడుస్తుండంతే! నాకు ఒళ్లు మండింది. వాకిట్ల నిలబడి అర్సిన: 'నడిస్తే ఇజ్జత్ పోతదా? మీ తాతలు హెలికాప్టర్ల తిరిగిన్రా?' ఆ మాటకు గాడున్న రైటరు కాగితం తీసి రాసుకున్నడు. వచ్చే పిచ్చర్ల ఇంటర్వెల్‌కు అదే డైలాగు."

"పేరేస్తరా?" అనడిగింది శకుంతలమ్మ.

"నేనే వద్దన్న. మర్నాడు పుష్పవల్లమ్మ, మా సారు భార్య, శ్రీనగర్ కాలనీల చెల్లెలింటికి బస్సుల పోత అన్నది. నేను తోడుపోయిన. అమ్మ డబ్బా మూత తీసి పులిహోర పెట్టుడు మొదలువెట్టింది. కండక్టరుకు పెట్టింది, డ్రైవరుకు పెట్టింది. ఒక్కడన్న తన స్టాపుల దిగితె ఒట్టు! బస్సు రూటు మర్సిపోయి సీదా చెల్లెలింటి గల్లీలకు ఒచ్చి, వాకిట్ల ముగ్గు తొక్కకుంట ఆగింది."

"బస్సు? గల్లీల?"

"మధ్యల మాట్లాడకు! అసలు కడుపుమంట చెప్త విను. నడుద్దామంటె నడిచెతందుకు జాగ ఏది? ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, బజ్జీల బండి ఉంటది, ఎవని కారో ఉంటది. నడిచేటోనికి తప్ప అందరికి జాగ ఉంటది! రోడ్డు దాటుదామంటె కార్లోడు మనల్నే తిడ్తడు, వాని ఇంట్లకు జొరబడ్డట్టు. అందుకే నేనేం చేసిన్నో ఎరుకేనా? సారును ముంగట పెట్టి, ఎనక నేను, మా ఎనక బాబీ సైకిలు. చూసినోడల్లా కారు దిగుడే! హీరోలు దిగిన్రు, విలన్లు దిగిన్రు. బాబీ సైకిలు గాలికి హోర్డింగు మీది హీరోయిన్ తల తిప్పి చూసింది."

"ఏ దిక్కు తిప్పింది?"

"సైకిలు దిక్కే! చెక్‌పోస్టు కాడ సిగ్నలుకు పనిలేదు. ఎర్రలైటు వెలుగుడు మర్సిపోయింది. ట్రాఫిక్ పోలీసాయన రోడ్డు మధ్యల కొత్తిమీర ఏసుకున్నడు. హారన్ మోతల్లేవు. స్టూడియోల సౌండ్ పట్టేటాయన ఒచ్చి నా కాళ్ల మీద పడ్డడు, 'అన్నా, ఇగ డబ్బింగే అక్కర్లేదు' అని. డబ్బింగోళ్లేమో మా గేటు కాడ ధర్నా! గంతమంది నడుస్తె గుట్ట ఊకుంటదా? అరిగింది! జూబ్లీహిల్స్ గుట్ట అరిగి అరిగి, గీ పీట లెక్క సాపయింది."

"పొద్దుగాల నా ఆటో ఫస్ట్ గేర్ల ఏడ్సుకుంట ఎక్కిందన్నా."

"అది నీ ఆటో తప్పు, గుట్టది కాదు! గిప్పుడు చెప్పున్రి. గింత చేసినోని నౌకరి పోతదని మాట్లాడుతున్రా?" బానెట్ మీద దబ్బున సరిచిండు. "మీకు సిగ్గుండాలె!"

"కారు మీద కొట్టకండి, హనుమంతన్నా."

కూరగాయల సంచి భుజానికేసుకొని నిహారికమ్మ స్టవ్ ఎనకాల నిలబడ్డది. చేతుల చాయ్ గ్లాసు సగం ఖాళీ అయింది.

"చిన్నమ్మా! ఎప్పుడొచ్చిన్రు?"

"పూలదండ దగ్గర. కథ చాలా బాగుంది. ఒక్కటే అర్థం కావట్లేదు. నాన్న నడుస్తున్నారు, అమ్మ బస్సెక్కుతోంది, బాబీకి సైకిలుంది. మరి మా కారు రోజూ ఎవరు తిప్పుతున్నారా అని ఇంట్లో బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాం."

హనుమంతు మీసం సర్దుకున్నడు.

శకుంతలమ్మ నవ్వింది. "గీడ నిలబడితె మీ గేటు కనిపిస్తది గద బిడ్డా. గీ మనిషి గాడికెల్లి గీడికి చాయ్‌కి కార్ల దిగుతడు. పొద్దుగాల దిగుతడు, మాపటికి దిగుతడు. నా బండికి అడ్డం పెట్టి, గా కారుకే ఒరిగి, కార్లొద్దని చెప్తడు!"

క్రాంతికి చాయ్ ముక్కులకెక్కింది.

నిహారిక చెయ్యి చాపింది. హనుమంతు జేబుల నుంచి తాళంచెవి తీసి ఇచ్చిండు.

"కారు ఉంచుదాం అన్నా. అమ్మకి ఆసుపత్రికీ, వానకీ ఒకటి కావాలి, దానికి మీరూ కావాలి. కానీ రేపటినుంచి మీరు చాయ్‌కి నడిచొస్తేనే. కారు నేను లోపల పెడతా, మీరు రండి."

నిహారికమ్మ తోలంగ కారు గుట్టెక్కి గేట్లకు పోయింది.

"చూసిన్రా? నేను లేంది నడ్వదు గా ఇల్లు!" అన్నడు హనుమంతు. ప్యాంటు పైకి గుంజుకున్నడు. "చూస్తుండున్రి, మూర్తి సారు లెక్క నడుస్త."

"నడువు, నడువు. గుట్ట అరిగింది గద," అన్నది శకుంతలమ్మ.

కరెంటు స్తంభం దాంక పోయిండు. పైకి గేటు దిక్కు చూసిండు. స్తంభం పట్టుకొని ఎనక్కి తిరిగిండు.

"క్రాంతీ! జర ఆటో తియ్యిరా!"