పైస్థాయి

అమలాపురం నాటకసమాజం గదిలో గ్రామఫోను తిరుగుతోంది. రికార్డులోని పాట విని సమాజం వాద్యబృందానికి స్వరాలు రాసిచ్చిన మాస్టారి దగ్గరకు, వయొలిన్ వాయించే శిష్యుడు ఆ కాగితాలతో వచ్చాడు.

“మాస్టారండీ, రెండో చరణంలో వయొలిన్‌కి స్వరాలు రాయలేదండి.”

“అక్కడ వయొలిన్ లేదురా. క్లారినెట్ ఒక్కటే.”

“ఉందండి. బాగా పైస్థాయిలో వాయించేరండి.”

“అయితే మళ్ళీ పెట్టు. రాగానే చెప్పు.”

“ఇదిగోనండి, ఇప్పుడొస్తోంది.”

“ఇప్పుడా?”

“ఆయ్.”

“నాకేం వినపడటం లేదు.”

“రికార్డు అరిగిపోయిందేమోనండి.”

“నీకు వినపడుతోంది కదరా. నా చెవులకే పైస్థాయి అందడం లేదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఇదివరకు రాసినవాటిలో ఎన్ని వదిలేశానో!”

“అలా అనకండి మాస్టారండీ.”

“నువ్వు పాడు, నేను రాస్తాను.”

“మీ ముందు నేనెలా పాడతానండి?”

“పాడరా. కాస్త కిందిస్థాయిలో పాడు, నాకు వినపడాలిగా.”