కెఫీన్ స్ఫటికం, సంగన్నగారి ఉతకని కోటు

1993 జూలై 12న శ్రీ సంగన్నగారు నాందేడ్‌లోని మా ఫార్మసీ కళాశాలలో ప్రయోగశాల సహాయకులుగా చేరిన నాడు వారి చేతిలో ఉన్నవి పదో తరగతి సర్టిఫికెట్టు, భోకర్ బస్సు టికెట్టు, రోజంతా నూరినా అలసిపోని కుడి భుజం. మొదటి రెండింటి పని ఆ సాయంత్రానికే ముగిసింది. మూడవదాని వల్ల, వారు పదవీ విరమణ చేస్తున్న ఈనాటిదాకా, మేము ముప్పై రెండేళ్లు లాభపడ్డాము.

తొలి పదేళ్లు గాజుపాత్రలు కడిగారు. తర్వాత తూకం, ఆపై కల్వంలో మందులు నూరే పని వారికి అప్పగించారు. 2016లో పరిశోధక విద్యార్థిని శుభాంగి కెఫీన్, బెంజోయిక్ ఆమ్లం రెండూ ఒకే స్ఫటికంలో ఇమిడే సహస్ఫటికాన్ని సాధించినప్పుడు నూరిన చేయి సంగన్నగారిదే. ఆ స్ఫటికానిది వింత స్వభావం: పాతదాని రేణువు ఒక్కటైనా విత్తనంలా పడనిదే కొత్తది ఏర్పడదు. మొదటి విత్తనం పుణె నుంచి అరువు తెచ్చినది, అయిపోయింది. అటుపై కల్వానికి అంటిన పొడే ఆధారం.

డాక్టరేటు పరీక్షకులు తమ కళ్లెదుట మరోసారి చేసి చూపాలన్నారు. చూపకపోతే సిద్ధాంత గ్రంథం తిరస్కరిస్తామన్నారు. వారు రావలసిన రోజుకు రెండు రోజుల ముందు ఖండే నవమి, పనిముట్లకు పూజ చేసే పండుగ, వచ్చింది. దసరా సెలవు ముగిశాక శుభాంగి వచ్చి చూసి నిర్ఘాంతపోయింది.

"మామా, కల్వాలు గిట్ల మెరుస్తున్నయేంది?"

"నవమి గదా బిడ్డా. వేడి నీళ్లతోని గదంత కడిగిన. కల్వాలకు బొట్టు గూడ పెట్టిన."

"నా మూడేండ్ల పనికి పిండం పెట్టినవ్!"

ఆ రోజు ఎంత నూరినా స్ఫటికం ఏర్పడలేదు. పరీక్షకులు వచ్చి కూర్చున్నాక సంగన్నగారు హఠాత్తుగా బీరువా తెరిచారు.

"నా పాత కోటున్నది. నూరినప్పుడల్ల గా పొడి దీని మీదనే పడ్డది."

"ఉతకలేదా మామా?"

"ఏడాదాయె. ఇంటికి తీస్కపోతే యాసిడ్ బొక్కలు జూసి మీ అత్త నన్నే ఉతుకుతది."

కోటును కల్వంపై దులిపి, వారు గంటసేపు నూరారు. ఎక్స్‌రే యంత్రం సహస్ఫటికపు గీతలనే చూపింది. పరీక్షకులు కోటును ముట్టుకోవడానికి సాహసించలేదు గాని, సంతకం మాత్రం చేశారు. ఈ సంగతి వారి సతీమణి శ్రీమతి రుక్మాబాయిగారు మన కళాశాల పత్రిక ఈ సంచికలోనే తొలిసారి చదువుతున్నారు. సంగన్నగారిని క్షమించగలరని మనవి.

సంగన్నగారు కంటినిండా నిద్రతో, కడుపునిండా తిండితో, మనుమల పెళ్లిళ్లు చూసేంత దీర్ఘాయుష్షుతో ఉండాలని కోరుకుంటున్నాము. ఇక లాభాల సంగతి: వారికి దక్కినవి రెండు పదోన్నతులు, ఒక శాలువా, మాకు దక్కినది డాక్టర్ శుభాంగి, నేడు అదే ప్రయోగశాలకు అధిపతి.

— వెంకట్రాములు, స్టోర్స్ విభాగం