చుట్టు రైల్లో ఏడ్చిందెవరు

సబ్బు రాలేదు.

ఫుసాయె తల తడుపుకుని, చిన్న పీట మీద కూర్చుని, గోడ వైపు గుడ్లురిమి చూస్తోంది. ఒసాకాలో తైషో పేట స్నానశాల అది. మధ్యాహ్నం తలుపు తీయగానే ముసలాళ్ళంతా వచ్చి పడతారు. ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య గోడ ఉందన్న మాటేగానీ అది పైకప్పు దాకా పోదు. అటువాళ్ళు తుమ్మితే ఇటువాళ్ళకి వినిపిస్తుంది. ఫుసాయెకీ మొగుడు తత్సుజోకీ పెళ్ళైన కొత్త నుంచీ ఒకటే సబ్బు. ఆయన రుద్దుకుని గోడ మీంచి విసరాలి, ఈవిడ పట్టుకోవాలి. ఇప్పుడు ఇంకోటి కొనుక్కోలేక కాదు, అలవాటు.

"ఏమయ్యోయ్! సబ్బు!"

"ఉండవే, మాటల్లో ఉన్నాను!" అని అవతల్నుంచి తత్సుజో అరిచాడు.

మాటల్లో ఉన్నాట్ట! ఎప్పుడు లేడు గనక? చేపల పడవ దిగి ఈ ఊరొచ్చిన రోజు నుంచీ ఆ నోటికి సెలవంటూ లేదు. ఫుసాయెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పక్క కుళాయి దగ్గర చినామి కూర్చుంది. కొత్త పెళ్ళికూతురు. ఏదో కొండ పల్లె నుంచి వచ్చి, మొన్ననే మొగుడితో కలిసి ఫుసాయెవాళ్ళ మేడ మీది గదిలో దిగింది. ఒళ్ళు తోముకోవడం మానేసి మోకాళ్ళు చూసుకుంటోంది.

"ఏం పిల్లా, ఊరు చూశారా?"

"ఎక్కడండీ. కోట దాకా నడిచెళ్ళాం. లోపలికి టికెట్టంటే బయట్నుంచే చూసొచ్చాం. ఆ మర్నాటి నుంచి, ఈ స్నానానికి తప్ప, ఆయన గదిలోంచి కదలడు." చినామి గొంతు తగ్గించింది. "ఇవాళ రాత్రి బస్సుకి ఊరెళ్ళిపోదామంటున్నాడు బామ్మగారూ. నాకేమో ఇక్కడ జుట్టు కత్తిరించే కొట్లో పని దొరికింది. చిన్నప్పట్నుంచీ నాకదే కావాలి. వెళ్ళనంటే ఆయన కూర్చుని ఏడుస్తున్నాడు. ఏడ్చానని ఎవరికీ చెప్పొద్దని మళ్ళీ నా చేత ఒట్టు."

"ఏడిస్తే ఏమైందట?"

"మగాడు ఏడిస్తే సిగ్గుచేటు కదండీ."

ఫుసాయె ఏదో అనబోయింది. ఈలోగా చినామి మొగుణ్ణి పిలుస్తూ గోడ మీంచి తత్సుజో గొంతు దూకింది.

"ఒరేయ్ రియోహెయ్! అట్లా మూల కూర్చుంటావేం? రా, నీళ్ళల్లో సన్నగా కరెంటు పారే ఈ తొట్లో దిగు. నన్ను చూడు, ఒళ్ళు జలదరించిందా? కన్ను ఆర్పానా?"

"నువ్వు కూర్చుంది మామూలు తొట్లో," అన్నాడు టోఫు కొట్టు కవనిషి. "కరెంటు తొట్టి ఇది, నేనున్నది."

"అదేలే. నేను దిగితే కరెంటే పారిపోతుందని ఇందులో కూర్చున్నా. విను అబ్బాయ్. మా పెళ్ళైన కొత్తలో మేం ఈ ఊరొచ్చినప్పుడు ఉమెదా స్టేషన్‌లో దిగాం. నేల కింద దారులూ మెట్లూ కొట్లూ, ఇక్కడ పుట్టినవాళ్ళే తప్పిపోయే చోటు. నేను ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి దారి అడగలేదు. గాలి ఎటు కొడుతోందో చూసుకుని నడిచా. సముద్రం మీద బతికినవాణ్ణి, నాకు బోర్డులెందుకు?"

"అంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు కవనిషి.

"మా ఆవిడేమో ఒకటే ఏడుపు. నా చొక్కా పట్టుకుని, అమ్మ కావాలి, ఇంటికెళ్ళిపోదాం అని. ఏం చేస్తాను? ఈ భుజాన దాన్ని వేసుకున్నా, ఆ భుజాన పరుపు వేసుకున్నా."

ఫుసాయె చేతిలో చెంబు ఠంగున కింద పడింది. పరుపు మోసింది తను. సిగ్గు విడిచి కనపడ్డవాళ్ళందర్నీ దారి అడిగింది తను. ఆ మహానుభావుడు తన కొంగు పట్టుకున్నంత పని చేసి వెనకాలే నడిచాడు. ఎన్నేళ్ళుగా వింటోంది ఈ సోది! ఒక్కో ఏడూ గడిచేకొద్దీ ఆయన భుజాలు వెడల్పవుతున్నాయి, తన ఏడుపు పెరుగుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జేబులో గాలి తప్ప ఏమీ లేదు. పెద్ద దుకాణం కింద అంతస్తులో తిండి కొట్లుంటాయి చూడు, అక్కడ రుచి చూడమని చిన్న చిన్న ముక్కలు పెడతారు. వెళ్ళా. ఊరగాయ ముక్క తిన్నా. టోపీ పెట్టుకుని మళ్ళీ వెళ్ళా. టోపీ తీసేసి, కోటు తిరగేసి, కుంటుకుంటూ మళ్ళీ వెళ్ళా. అమ్మే పిల్లకి అనుమానమొచ్చింది. పైవాణ్ణి పిలిచింది. వాడొచ్చి నన్ను చూశాడు. నేను నమిలి, 'ఉప్పు తక్కువైంది' అన్నా. అంతే! నా కాళ్ళ మీద పడ్డాడు. 'అయ్యా, ఇన్నేళ్ళుగా ఎక్కడ తప్పు జరుగుతోందో మాకు తెలీలేదు, ఇక మీరే దిక్కు' అని. అంతస్తంతా మూసేశారు. కొట్టు కొట్టుకీ వరసగా పళ్ళేలు. ఆఖరికి ఆ దుకాణం యజమాని స్వయంగా చెంచాతో తినిపిస్తుంటే, వద్దయ్యా బాబూ, కడుపు పగిలిపోతుందంటే వినడే!"

"మరి ఫుసాయెగారు ఏం తిన్నారు?" అన్నాడు కవనిషి.

"అదా? స్తంభం వెనక నిలబడి ఏడుస్తోంది."

స్తంభం! స్తంభం వెనక దాక్కున్నదెవరని! 'నాకు సిగ్గు, నువ్వే వెళ్ళి పట్రా' అన్నదెవరని! ఫుసాయె పళ్ళు పటపట కొరికింది. చినామి బెదిరిపోయి కాస్త పక్కకి జరిగింది.

"సబ్బూ!" అని ఫుసాయె మళ్ళీ కేకేసింది.

"వస్తోందే! అసలు కథ ఇప్పుడే ఉంది. పక్క స్టేషన్‌కి చిన్న టికెట్టు కొన్నా. కొని ఎటెక్కా? ఎదురు వైపెక్కా! చుట్టు రైలు కదా, ఊరంతా తిరిగి పక్క స్టేషన్‌కి వస్తుంది. కోటా చూశాం, నదీ చూశాం, అంతా ఆ టికెట్టు మీదే. అయినా నాకు దిగబుద్ధి కాలేదు. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. ఇంతలో రైలు నడిపేవాడికి కడుపులో నొప్పి. జనం హాహాకారాలు. నేను లేచా. పడవ తిప్పిన చేతికి రైలొక లెక్కా? పట్టుకున్నా. వదిలా. ఎంత వేగమంటే, రైలు తల వెళ్ళి రైలు తోకని ముట్టుకుంది! ముందు పెట్టెలో కూర్చున్న నాకు కిటికీలోంచి ఎదురుగా ఎవడి వీపో కనపడింది. ఎవడ్రా వీడు, నాలాగే ఉన్నాడనుకున్నా. నేనే!"

మగవాళ్ళ వైపు నవ్వులు పెళ్ళుమన్నాయి.

"అంత రైలు తోలినవాడివి," కవనిషి వగరుస్తూ అన్నాడు, "మొన్న అందరం ఆ రైల్లోనే తెన్నోజి వెళ్తే నువ్వొక్కడివీ బస్సులో ఎందుకొచ్చావ్? నీకోసం ఎండలో మాడి చచ్చాం. ఆ రైలెక్కగా నిన్నెప్పుడూ చూళ్ళేదు."

"మోకాళ్ళు, బాబూ. రైలు మెట్లెక్కలేను." తత్సుజో గొంతు ఒక్క క్షణం సన్నబడి మళ్ళీ లేచింది. "అదీ మగతనమంటే! విన్నావా రియోహెయ్? పక్కన పెళ్ళాం ఏడుస్తున్నా నేను చలించానా? నువ్వేమో గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటున్నావుట. మీలాంటివాళ్ళకి ఈ ఊరెందుకురా? పోయి మీ అమ్మ పక్కన కూర్చో!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రియోహెయ్ గొంతు వినీ వినపడకుండా వచ్చింది. "నిజమేనండి. నా వల్ల కాదు. ఇవాళ రాత్రే వెళ్ళిపోతున్నాం."

చినామి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఫుసాయె లేచి నిలబడింది. ఆ స్నానశాలే ఆయన రాజ్యం. ఆ నలుగురు ముసలాళ్ళ ముందు కోసే కోతలే ఆయనకి మిగిలిన వైభవం. నోరు విప్పితే చచ్చేదాకా ఎగతాళి చేస్తారు. అందుకే ఇన్నేళ్ళూ తన గురించి ఏమన్నా మింగింది. తనని ఏడుపుగొట్టుది అనుకుంటే అనుకోనీ. కానీ ఈ పిల్ల చేతిలోంచి బతుకు లాగేసుకునే హక్కు ఆయనకెవరిచ్చారు?

"తత్సుజో!"

ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఆ స్నానశాలలో ఎవరూ ఎరగరు. అటు వైపు కుళాయిలు కూడా కట్టేశారు.

"చుట్టు రైల్లో ఏడ్చిందెవరు?"

"ఎవరేంటే? నువ్వే…"

"మళ్ళీ అను! త్సురుహాషి స్టేషన్‌లో తలుపులు తెరుచుకుని మాంసం కాల్చే పొగ లోపలికొస్తే, మా నాన్న కూడా బొగ్గుల మీద చేపలు కాల్చేవాడు అని గుక్కపట్టింది నువ్వా, నేనా? నిన్ను అలా గదికి తీసుకెళ్తే ఇంటావిడ చూస్తుందని, ముఖం ఆరేదాకా ఇంకో చుట్టు తిప్పాను. తీరా ఆరిందనుకునేసరికి మళ్ళీ త్సురుహాషి! మళ్ళీ తలుపులు! మళ్ళీ అమ్మా అని మొదలు! ఇప్పటికీ ఈయన ఆ రైలు ఎందుకు ఎక్కడో తెలుసా కవనిషిగారూ? మోకాళ్ళూ కాదు, మెట్లూ కాదు. ఎక్కితే మళ్ళీ ఏడుస్తాడు! సిగ్గులేకపోతే సరి, ఆ ఏడుపు నా నెత్తిన రుద్ది, అదే నోటితో ఆ కుర్రాణ్ణి ఊరెళ్ళమంటావా? ఏడ్చావు. ఏడ్చీ ఈ ఊళ్ళోనే ఉన్నావు. అది చెప్పు వాడికి! ఆ ఒక్కటీ చెప్పడానికి నోరు రాదేం?"

పైకప్పు నుంచి నీటి చుక్కలు టపటప రాలుతున్నాయి.

"తాతగారూ," అన్నాడు రియోహెయ్. "మీరు కూడానా?"

తత్సుజో గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు దబ్బుమన్నాయి.

"కూడానా ఏంట్రా, కూడానా? నీ ఏడుపూ ఒక ఏడుపేనా? దుప్పటి తడిసిందా, లేదా, అంతే కదా! నేనేడిస్తే రైలు పెట్టెలో మోకాలి లోతు నీళ్ళు! ఎక్కేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కారు! త్సురుహాషి స్టేషనాయన బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు!"

"రైలు తేలిందా?" అన్నాడు కవనిషి.

"తేలింది. చెప్పాగా, పడవ నడిపినవాణ్ణని!"

ముందు నవ్వింది రియోహెయ్. కుర్ర నవ్వు, తెరలు తెరలుగా వచ్చింది. కాసేపటికి అదే గొంతు గోడ మీంచి పిలిచింది. "చినామీ! ఇవాళ బస్సొద్దులే. రేపు ఆ రైలెక్కుదాం. నేను ఏడిస్తే ఏడుస్తాను, సరేనా?"

చినామి తువ్వాలు తీయకుండానే తలూపింది. గోడ అవతలకి తలూపుడు కనపడదని గుర్తొచ్చి, "సరే!" అని అరిచింది.

తత్సుజో ఇంకా ఆగలేదు. "పెట్టె మొత్తం కంటతడి పెట్టిందిరా ఆ రోజు. స్టేషనాయన ఏడ్చాడు, టికెట్లాయన ఏడ్చాడు. మా ఆవిడ మాత్రం, నమ్ముతావో నమ్మవో, ఒక్క చుక్క రాల్చలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. బండరాయి!"

ఫుసాయె కదలకుండా నిలబడింది.

"మళ్ళీ చెప్పు," అంది.

గోడ మీంచి అరిగిపోయిన సబ్బు ఎగిరొచ్చి, గచ్చు మీద జారి, ఆవిడ కాలి దగ్గర ఆగింది.

"సబ్బు కాదయ్యా నేనడిగింది. ఆ ఆఖరి ముక్క. అందరికీ వినపడేలా చెప్పు. చెప్పేదాకా ఆ తొట్లోంచి లేచావో, చూడు!"

"నువ్వు ఏడవలేదే!" అని తత్సుజో గోడ అదిరేలా అరిచాడు. "ఒక్క చుక్క కూడా ఏడవలేదు!"

అప్పుడు వంగి సబ్బు తీసుకుంది ఫుసాయె.