బర్రెలు దిగిన తొట్టి

"అవ్వా, ఫోన్ ఆన్ చేసినా. మన వాటర్ పార్కు యెట్ల మొదలాయనో చెప్పు. గేటు కాడ బోర్డు రాపిస్తారంట, నాయన నిన్ను అడగమన్యాడు."

మీ నాయన అడగమన్యాడా? వాడు నేను చెప్పేది ఒకటన్నా వింటాడా. సోమవారం జేసీబీ తెప్పిస్తాండాడు గదా, పాత పెద్దతొట్టి పగలగొట్టేదానికి. ఆ జాగాలో ఇంకా ఎత్తు స్లైడు పెడతాడంట. జరా ఆగప్పా, నాకు ఆ తొట్టితో ఒక పని ఉండాది అంటే, ఏం పనిమా అని కూడా అడగడు. ఇంజినీరు డేటు ఇచ్చినాడు అంటాడు. పోనీలే, నువ్వు అడిగితివి, నీకు చెప్తా. ఆ ఫోను నా నోట్లో పెట్టద్దు తల్లీ, చెవుడు నాకు గానీ దానికి లేదు గదా.

మొదలు యాడంటే, నా పెండ్లి కాడ. నవ్వద్దు, అక్కణ్ణించి చెప్తేనే నీకు అర్థమయ్యేది. నాది దేశనూరు. యాడ జూసినా వరి మళ్ళు, పక్కనే కాలవ. మా అన్న నా నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పించినాడు. కొన్నాళ్ళకు బుర్ర ఇప్పేసి వాణ్ణే దాటిపోతి. కాలవ మీద వంతెన ఉండ్య, ఆడినుంచి దూకుతాంటి. మా అమ్మ కట్టెపుల్ల పట్టుకోని గట్టెంబడి వస్తాండ్య, ఇది పిల్లనా చేపనా అని తిట్టుకుంటా. ఆయమ్మ కొట్టేదానికి నేను గట్టుకు రావల్ల గదా, రాకపోతి.

అట్లాంటి దాన్ని తెచ్చి ఈ సండూరు రోడ్డు పక్కన మెట్ట చేన్లలో ఇచ్చిరి. జొన్న, సెనిక్కాయ, అంతే. తాగేదానికి ఒక కడవ, పోసుకునేదానికి ఒక చెంబు. బళ్ళారి ఎండలు నీకేం తెలుసు, నువ్వు ఏసీలో పుట్టినావు. మా పెండ్లి నాడు బంగారం ఎంతుండ్యనో తెలుసా? ఆఁ, అది వద్దులే, మళ్ళా మీ అమ్మ నా గొలుసు గురించి అడుగుతాది.

యాడుంటి? ఆఁ, బోరు. మా మామ, అంటే మీ తాతకు నాయన, రెండు బోర్లు వేయించె, దుమ్మే వచ్చె. మూడోదానికి నీళ్ళు పైకి ఎగిరె. మా అత్త ఆ బోరుకు చీర కట్టి, గాజులు పెట్టి, పసుపు పూసి, గంగపూజ చేయించె. ఆ నీళ్ళు నిలిపేదానికి ఈ పెద్దతొట్టి కట్టినంక, ముందు కోడలు తాకల్ల అని నన్ను పిలిచె. నేను వేలు ముంచితి. ఎంత చల్లగుండ్యనో. దేశనూరు కాలవ గుర్తొచ్చి నాకు కండ్లలో నీళ్ళు తిరిగె. అంతే చూడు. ఆ పొద్దునుంచి ఈ పొద్దు దాకా ఆ తొట్టిలో నేను ముంచింది ఆ ఒక్క వేలే.

ఏంటికంటావా? మా మామ తొట్టి పక్కన మంచం వేసుకునె. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. మామ ముందర కోడలు నీళ్ళల్లో దిగుతాదా? కొంగు తల మీదినుంచి జారనియ్యం మేము. బర్రెలు మాత్రం మధ్యాన్నం అయితే వరసగా వచ్చి దిగుతాండ్య. మూతి పైకి పెట్టి, కండ్లు మూసుకోని, ఆహా ఆ సుఖం. నేను బట్టలు ఉతుక్కుంటా వాటినే చూస్తాంటి. బర్రెకున్న యోగం నాకు లేకపాయ అని నిజంగా ఏడ్సినా.

మా మామ పోయినంక ఇంగ నా వంతు అనుకుంటి. అంతలోకే ఇనుపరాయి తోలే మైన్సు లారీలు మొదలాయ. సండూరునుంచి వచ్చే డ్రైవర్లు, తలనుంచి కాలిదాకా ఎర్రదుమ్ము, కండ్లు మాత్రమే తెల్లగ. అణ్ణా, కొంచెం నీళ్ళు పోసుకుంటాం అని మీ తాతను అడిగిరి. ఆయన యాడైనా కాదంటాడా. పోసుకోండప్పా అనె. వాళ్ళు దిగితే తొట్టి అంతా ఎరుపు. మా బర్రెలు ఎర్రబర్రెలైపాయ. పాలు మాత్రం తెల్లగనే ఇచ్చె, దేవుని దయ.

వాళ్ళు యాడ చెప్పిరో ఏమో, ఆదివారం అయితే చాలు బళ్ళారి గాంధీనగర్‌నుంచి సంసారాలు వచ్చేది. పిల్లలు, చాపలు, క్యారియర్లు. నేను మిరపకాయ బజ్జీలు, బొరుగుల ఒగ్గాని చేసి పెడతాంటి. మీ తాత గేటు పెట్టి మనిషికి రెండ్రూపాయలు అనె. బర్రె ఉంటే రాము అని ఒకాయమ్మ అనె. మీ తాత బర్రెల్ని పక్కకు తోలితే, వాళ్ళ పిల్లలే బర్రె కావల్ల అని ఏడ్సిరి. హౌదు మరి, బర్రె మీద ఎక్కి నీళ్ళల్లో తిరిగేది బళ్ళారిలో ఇంకెక్కడుండాది.

ఇప్పుడు జారుడుబండ కథ. దీన్ని బోర్డు మీద రాపించు, మీ నాయన వద్దన్నా. దేశనూరులో మా అన్న రైసుమిల్లు మూసేసె. బస్తాలు పైనుంచి జార్చే పొడుగు ఇనుపరేకు ఒకటి ఆడ పడుండ్య. మీ తాత దాన్ని ట్రాక్టర్‌లో తెచ్చి తొట్టికి వాల్చి నిలబెట్టె. పెండ్లయినప్పటినుంచీ ఆయన మా అన్న మిల్లులో తిరిగిన మనిషి. మిల్లులో ఆ రేకుకు తడి తగలనియ్యరు, తడి తగిల్తే బస్తా అంటుకోని నిలబడిపోతాది. అందుకని ప్రారంభం నాడు ఏం చేసినాడంటే, గుడ్డ తీసుకోని రేకునంతా పొడిగ తుడిచినాడు, మెరిసేటట్ల. ఎండాకాలం, నడిమధ్యాన్నం. ఊరంతా వచ్చిండాది. తెల్లపంచె కట్టుకోని, నిచ్చెన ఎక్కి, దండం పెట్టి కూర్చున్యాడు.

జారలేదు తల్లీ. అంటుకున్యాడు. సగం దావలో నిలబడిపోయి, కిందికి పోలేక పైకి రాలేక, "నీళ్ళు, నీళ్ళు" అంటాండాడు. జనం తాగేదానికి అనుకోని చెంబు తీసుకోని పోతాండారు. నాకు మాత్రం తెలిసె. బకెట్ ఎత్తి కుమ్మరిస్తి. సర్రున పోయి బర్రె పక్కన పడినాడు. ఆ బర్రె ఈయన్ని ఒకసారి చూసి, మళ్ళా కండ్లు మూసుకునె.

మా మొగుడు చానా దినాలు నిలబడే అన్నం తినె. నేను కొబ్బరినూనె రాస్తా నవ్వుతాంటే, కోపమొచ్చి ముఖం అటు తిప్పుకునె. తరవాత ఆయనకే నవ్వొచ్చె. అప్పుడనె, "నువ్వు బకెట్ తేకుంటే నేను ఆడనే వేగిపోతాంటి. ఒక దినం గేటు మూసేసి నిన్ను తొట్టిలో దించుతాలే, నీ ఈత చూడల్ల నేను" అని. నాకు ఎంత సంతోషమాయనో. పెండ్లి నాడు కూడా అంత సంతోషం లేదు.

సుమ్నె ఊరికే అన్న మాట కాదు, ఆయన నిజంగానే అనుకున్యాడు. ఏం జేస్తాం, ఆ రేకు చూసేదానికే జనం రావడం మొదలుపెట్టిరి. మీ తాతను సావుకారి అంటారు గదా, ఆ సావుకారి వెనక కాలింది యాడ, యాడ అని. పైపు పెట్టి నీళ్ళు వదిలితే పిల్లలు దిగనే దిగరు. ఆదివారం పోయి రోజూ ఆయ. ఇంకో తొట్టి, ఇంకో స్లైడు. మీ నాయన పెద్దగయినంక బెంగళూరుకు పోయి చూసొచ్చి అలల తొట్టి, వాన డాన్సు, ఆ డబడబ పాటలు, ఇప్పుడు నువ్వు చూసేదంతా. బర్రెల్ని మా అన్న ఇంటికి పంపిస్తిమి. గేటు మూసే దినం మాత్రం రాలేదు. పండగైతే ఇంకా ఎక్కువ జనం గదా.

ఒక్క దినం మూసినాం. మీ తాత పోయిన దినం. తొట్టినిండా నీళ్ళు, ఒక్క మనిషి లేడు. నేను గట్టు మీద కూర్చోని, మాట తప్పినావు గదా అని ఏడ్సినా.

తరవాత ఒకసారి నేనే పోతి, పొద్దున్నే. పాదం పెట్టల్ల, అంతలోకే వాచ్‌మేన్ విజిల్ ఊదె. అమ్మా, చీరతో దిగకూడదు, నైలాన్ కాస్ట్యూం వేసుకోవల్ల, సార్ రూలు అనె. సార్ అంటే ఎవురు? నేను కన్నోడు. వానిది తప్పు కాదులే, చీర కాళ్ళకు చుట్టుకోని మునిగినోళ్ళు ఉండారంట. ముందు మామ, తరవాత లారీలు, తరవాత రూలు.

"అవ్వా, దీనికేనా జేసీబీ ఆపమనింది?"

మరింక దేనికి? పగలగొట్టుకోనీ, నాకేం బాధ లేదు, తొట్టి పాతదైపాయ. ముందు నేను దిగల్ల. ఆ దిండు కింద చెయ్యి పెట్టు. చూసినావా? నిన్న కౌంటర్‌కు పోయి లైనులో నిలబడి, టికెట్ కొని తెచ్చుకున్యా. నైలాన్ ప్యాంటు, నైలాన్ చొక్కా. ఆ పిల్ల సైజెంతమ్మా అంటే, అన్నిట్లోకీ పెద్దది ఇయ్యి అంటి. రంగు చూడు, రామచిలక పచ్చ. మీ తాత చూసుంటే మళ్ళా జారిపడతాండ్య.

రేపు ఆదివారం, గేటు తెరిచేదానికి ముందు నన్ను పిల్చుకోని పో. విజిల్ ఊదినోని చేతిలో టికెట్ పెట్టు. మెట్లు దిగేదాకా చెయ్యి పట్టుకో, నీళ్ళు నడుముకు రాగానే వదిలెయ్యి. వదిలెయ్యల్ల, అర్థమాయనా? నువ్వు గట్టు మీద కూర్చోని చూస్తాండు, చూస్తానన్న మనిషి లేడు గదా.

నీకు మంచి జరగల్ల తల్లీ. నీళ్ళుండే ఇంటికి పో. నువ్వు దిగుతానంటే జరిగి జాగా ఇచ్చే ఇంటికి పో. ఇంగ ఆ ఫోను ఆపు. ఈ చొక్కాకు ముందు ఏదో, వెనక ఏదో చెప్పు నాకు...