ఇంటికి ఫోన్

కొండ ఎక్కించే గైడ్ల శిక్షణ కేంద్రం. తడి తాళ్లు ఆరేసిన గదిలో శిక్షకుడు, శిక్షణలో ఉన్న అమ్మాయి ఆఖరి పాఠం చేస్తున్నారు: ప్రమాదం జరిగితే ఇంటివాళ్లకు ఫోన్ చేయడం.

"నేను తల్లిననుకో. హలో..."

"అమ్మా, మీ అబ్బాయి కొండ మీద జారిపడ్డాడు. చనిపోయాడు."

"అదేంటమ్మా, మొహం మీద కొట్టినట్టు! ముందు కనిపించట్లేదని చెప్పాలి. మేమంతా అలాగే చెప్తాం."

"మా అన్నయ్య పోయినప్పుడూ అలాగే చెప్పారు సార్. అప్పటికే శవాన్ని కిందికి దించేశారట."

శిక్షకుడు ఫోన్‌లా చెవికి పెట్టుకున్న చెయ్యి దించాడు.

"దొరగ్గానే తాగిస్తానని అమ్మ ఫ్లాస్కులో పాలు పోసుకుంది. దారంతా నా ఒళ్లోనే పెట్టుకున్నా. తిరిగొచ్చేటప్పుడు కూడా వేడిగానే ఉన్నాయి."

"సరేనమ్మా. నీ మాట అలాగే ఉంచు. గొంతొక్కటి కాస్త మెత్తగా పెట్టు."

"మీరు హలో అనండి సార్."