గెడ మీద గెడ

"తాతయ్యా, కాలవ అవతల వాళ్ల క్రిస్మస్ స్టార్ అంత ఎత్తున ఎగురుతుంటే, మన చర్చి స్టార్ గుమ్మం మీదే ఎందుకు కడతారు? ఆ చిట్టియ్య సంగతేంటో చెప్పు, రాసుకుంటాను. పాస్టరుగారు సంఘం యాభయ్యేళ్ల పుస్తకంలో వేస్తానన్నారు."

ఆ సంగతి నాకు మొదట చెప్పింది యాకోబేనమ్మా. మన చర్చిలో గంట కొట్టేవాడు. ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి చాన్నాళ్లయింది. చిట్టియ్య యానాం వెళ్లి తాగొచ్చి, ఆ మత్తులో స్టార్ ఎత్తబోయి కరెంటు తగిలి పోయాడని యాకోబే అన్నాడు. నేను విన్నాను, అంతే. ఆ ఫోను మొహం దగ్గర పెట్టకు, నాకు దడగా ఉంటుంది. ఆ, మంచం కోడు దగ్గర పెట్టు.

అప్పుడు నేను సంఘపెద్దని. ఎవరైనా సరే ఏలియాగారు అనాల్సిందే. ఉత్తినే ఏలియా అన్నవాణ్ణి నేను మర్చిపోను. మీ అమ్మమ్మ తమ్ముడు పెళ్లిపందిట్లో "ఏలియా, ఇలా రా" అన్నాడని విస్తరి ముందునించి లేచొచ్చేశాను. ఇప్పటికీ వాళ్ల గడప తొక్కలేదు. తప్పే అనుకో. కానీ అలా పిలవొచ్చా, నువ్వు చెప్పు.

ఏం చెబుతున్నానూ, ఆ, స్టార్. కాలవ అవతల చర్చి మనలోంచి చీలిందే. నా మీద అలిగి వెళ్లిపోయి కట్టుకున్నారు. ఆ ఏడు వాళ్ల స్టార్ మనదానికంటే ఎత్తు లేచింది. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకి ముందు వాళ్లదే కనబడేది. నాకు అన్నం సయించలేదు. ప్రభువుకి మహిమ రావాలి, మనది ఇంకా ఎత్తుండాలి అన్నాను పైకి. లోపల ఉన్నది నా పేరేనమ్మా. వెదురు గెడ అప్పుడు పాతిక రూపాయలు, ఇప్పుడడిగితే మొహం మీదే నవ్వుతారు. గెడ మీద గెడ కట్టి ఎత్తమన్నాను.

ఏటా స్టార్ కట్టేది చిట్టియ్యే. వలలు అల్లుకు బతికేవాడు, వాడు ముడేస్తే ఊడదు. ఆ రోజు పైకి చూసి అన్నాడు కదా, "ఏలియా, పైన పెద్ద లైనుంది. గెడలు మంచుకి తడిసున్నాయి. ఒక్క గెడ చాలు."

ఆడా మగా అందరూ నిలబడి వింటున్నారు. నాకు లైను మాట వినబడలేదమ్మా. గారు లేకపోవడమే వినబడింది.

"భయమైతే పక్కకి తప్పుకో, నేనెత్తుకుంటాను" అన్నాను. అలా అంటే వాడు ఎత్తకుండా ఉండడని నాకు తెలుసు.

పొద్దు వాలుతోంది. గెడ లేచింది. సముద్రం వైపునించి గాలి ఒక్క విసురు విసిరింది. మెరుపులాగా ఒక వెలుగు, అంతే. కాకినాడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

ఇటు జనమంతా నా వైపు తిరిగారు. ఎత్తమన్నది ఎవరో అందరూ విన్నారుగా. అప్పుడు వేసింది భయం. అప్పుడు యాకోబన్నాడు, పొద్దున్న వాడు యానాం వెళ్లొచ్చాడుగా అని. అక్కడ మందు చవక, మా ఊళ్లో ఒకడు యానాం వెళ్లొచ్చాడంటే ఇంక సాక్షి అక్కర్లేదు. తాగి పోయాడని సంఘం రిజిస్టరులో రాశారు. నాకు సంతకం ఒక్కటే వచ్చు, వంకర లేకుండా పెట్టాను. శవాన్ని చర్చి లోపలికి రానివ్వలేదు. గంట కొట్టలేదు.

వాడి భార్య రత్నమ్మ "నా మొగుడు సీసా ముట్టలేదండి" అని గుమ్మం బయట నిలబడి ఒకే ఒక్కసారి అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం "వందనాలు ఏలియాగారండి" అంటుంది. ఒక్క వారం మానలేదు. తిట్టినా బాగుండేది.

కాసిని నీళ్లియ్యి.

నా పొగరు తగ్గించుకుందామని శనివారాలు చర్చి ఊడవడం మొదలెట్టాను. ఊడుస్తూ కిటికీలోంచి చూస్తాను, ఎవరైనా చూస్తున్నారా అని. ప్రసంగంలో నా పేరెత్తలేదని పాస్టరుగారి మీద కోపం పెట్టుకున్నాను. చూశావా, చీపురు పట్టిన చేతికీ పొగరే. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియట్లేదమ్మా. ప్రభురాత్రి భోజనం పెట్టే బల్ల ఆదివారం వస్తే భయం. అయోగ్యంగా తిన్నవాడు తన శిక్ష తాను తిన్నట్టేనని చదువుతారు కదా. పోయిన బల్లకి రొట్టె నాలిక మీద పెట్టుకుని మింగలేకపోయాను. కండువాలోకి తీసి, ఇంటికొచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో పాతాను. రోజూ ఆ చెట్టు పక్కనించే నడవాలి.

యాకోబు అనలేదమ్మా.

ముందన్నది నేను. యాకోబు నా మాట మోశాడంతే. పోయినవాడు అడ్డుచెప్పడు కదా అని ఇన్నాళ్లూ వాడి నెత్తిన పెట్టాను. ఇందాక నీకూ అలాగే చెప్పాను, చూడు, ఎంత అలవాటైపోయిందో. చిట్టియ్య యానాం వెళ్లిన మాట నిజం. పంపింది నేనే, స్టార్‌కి రంగు కాగితాలూ బల్బూ తెమ్మని.

ఎల్లుండి బల్ల. అప్పటిదాకా ఆగితే నాకు మళ్లీ పొగరు లేస్తుంది, నన్ను నేనెరుగుదును. ఇప్పుడే రాసి పాస్టరుగారికియ్యి. సంఘం రిజిస్టరులో ఆ మాట కొట్టేయించు. రొట్టె విరవకముందే ఇది అందరి ముందూ చదవమను. చిట్టియ్యకి గంట కొట్టించు, రత్నమ్మ వింటుండగా. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు, ఈ ఒక్కటీ చెయ్యి.

రాశావా? చదువు.

ఆగాగు. ఏలియాగారు అబద్ధం చెప్పారు అని రాశావేంటి? చిట్టియ్యేమో ఉత్తి చిట్టియ్యా? నా పేరు వెనకది తీసెయ్. తీసి వాడి పేరు... ఆయన పేరు వెనక పెట్టు. దిద్దావా? ఏదీ, చూపించు. నాకు చదువు రాకపోయినా, ఆ రెండక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను.