పేరు పలకని మూటల సంరక్షకురాలు: శ్రీమతి ఇమెల్డా నపల్జరి

1989 మార్చి 6వ తేదీ, సోమవారం ఉదయం, టెన్ మైల్ బోర్ ఊరి సమాజ మీడియా కేంద్రపు రేకుల గది ముందు, చెప్పులు లేని కాళ్ళతో, చంకలో ఒక బిస్కెట్ల డబ్బాతో వచ్చి నిలబడి, "ఇక్కడ పని ఉందన్నారు, ఏం చెయ్యాలి?" అని అడిగిన ఇరవై తొమ్మిదేళ్ళ యువతి, ముప్పయ్యారు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, 2025 జూన్ 27న ప్రధాన సంరక్షకురాలి పదవి నుంచి సగౌరవంగా విరమిస్తున్నారు. ఆమె శ్రీమతి ఇమెల్డా నపల్జరి గారు. చెప్పులు ఇప్పటికీ వేసుకోరు.

ఆ డబ్బాలో ఉన్నవి దివంగతురాలైన ఆమె మాతృమూర్తి ఛాయాచిత్రాలు. ఒకరు గతిస్తే వారి పేరు పలకకుండా, బొమ్మ చూడకుండా, గొంతు వినకుండా, శోకకాలం ముగిసిందని కుటుంబం చెప్పేవరకు ఓర్చుకోవడం మన వర్ల్‌పిరి ఆదివాసుల మర్యాద. అంతవరకు ఆ బొమ్మలూ గొంతులూ ఎవరి కంటా చెవినా పడకుండా ఎవరో ఒకరు దాచాలి, వేళ వచ్చినప్పుడు చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వాలి. తన తల్లి కోసం డబ్బా పట్టుకుని వచ్చిన ఇమెల్డా గారు ఆ తర్వాత ఊరందరి డబ్బాలకూ బాధ్యురాలయ్యారు. క్యాసెట్లు చెప్పుల పెట్టెల్లో, ఫోటోలు పిండి డబ్బాల్లో, డబ్బా మీద పేరుకు బదులు ఎర్రమట్టితో ఒక గుర్తు. పదమూడేళ్ళు ఇదే ఆమె కొలువు. ఆ గుర్తులన్నీ ఆమెకు కంఠస్థం. మిగిలిన మనకు అవన్నీ కోడి గీకిన గీతలు.

2002లో బొమ్మలూ క్యాసెట్లూ కంప్యూటరులోకి ఎక్కిన తరుణాన, మన మీడియా కేంద్రం ఆమెను ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో మూడు రోజుల శిక్షణకు పంపింది. అక్కడి బోధకుడు జిప్ చేయడం నేర్పుతూ, "వందల ఫైళ్ళని ఒక్కటిగా చేర్చి, కుదించి, తాళం వేసి పక్కన పెట్టుకోవచ్చు. ఎప్పుడు విప్పినా ఒక్క అక్షరం తగ్గకుండా వస్తాయి" అని గొప్పగా చెప్పాడట. ఇమెల్డా గారు చెయ్యెత్తి, "ఇదేనా? ఇది మా నాయనమ్మ కాలం నుంచీ మేం చేస్తున్నదే. మీ మిషనుకి ఇప్పటికి తెలిసింది" అన్నారట. గది గొల్లుమంది. నవ్వు ఆగాక ఆ బోధకుడు మరో మాట అన్నాడు: "విప్పి చూసుకోని మూటని మాత్రం నమ్మకండమ్మా. వేరే మిషన్లో మొత్తం విప్పి చూశాకే అసలువి తీసెయ్యండి." ఆ రెండో మాటను ఆమె సగమే చెవికెక్కించుకున్నారని తర్వాత తెలిసింది.

అభినందన సంచికలో తప్పులు రాయడం సంప్రదాయం కాదు. కానీ ఈ ఉదంతం రాయవచ్చా అని అడగడానికి వెళ్ళినప్పుడు, దీనికి అసలు హక్కుదారు అయిన నకమర గారు, ఎనభై మూడేళ్ళ వయసులోనూ కంచు గంటలాంటి ఆ గొంతుతో, "రాయండి. మా ఇమెల్డా తప్పు వదిలేసి రాశారంటే మాత్రం నేను సభకి రాను" అని షరతు విధించారు. వారు సభకు రావాలి కనుక రాస్తున్నాం.

నకమర గారు ఇమెల్డా గారికి వదినగారు. ఇమెల్డా గారి అన్నగారు మన రేడియోలో పదిహేనేళ్ళు శనివారం ఫుటీ బంతాటకు వ్యాఖ్యానం చెప్పినవారు. ఆట ఓడినా ఆయన మాటల కోసం జనం ట్రక్కుల మీదెక్కి కూర్చుని వినేవారు. 2004 ఏప్రిల్‌లో ఆయన గతించారు. కుటుంబం ఇప్పుడు అనుమతించినా, ఆయన పేరు రాయడానికి కలం ఇంకా జంకుతూనే ఉంది. నకమర గారు పాత పద్ధతిలో మౌనం పట్టి, చేతిసైగలతోనే కాలం గడిపారు. ఇంట్లో ఉన్న ఆయన క్యాసెట్లను, దుస్తులతో, పడకతో పాటు, ఆచారం ప్రకారం దహనం చేశారు. ఇక మిగిలినవి కేంద్రంలోని ఆరు వందల నలభై ఫోటోలు, ముప్పయి ఒక్క ధ్వనిముద్రణలు. ఇమెల్డా గారు వాటన్నిటినీ ఒక్క మూటగా కుదించి, బయట ఉన్న వాటిని తుడిచేశారు. కంప్యూటరులో ఆమె స్వయంగా కట్టిన తొలి మూట అదే. మూటకు పేరు పెట్టమని యంత్రం అడిగింది. అన్న పేరు రాయరాదు. అందుచేత, గతించినవారి పేరుకు బదులుగా మనమంతా పలికే 'కుమంజయి' అన్న మాటనే రాశారు.

పదిహేడు నెలల తర్వాత ఒక వృద్ధ చిత్రకారిణి గతించారు. ఆమె చిత్రాలను కూడా ఇమెల్డా గారు భక్తిగా మూటగట్టారు, మళ్ళీ 'కుమంజయి' అనే రాశారు. ఈ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, దాన్ని తీసేసి దీన్ని ఉంచమంటారా అని యంత్రం అడిగింది. పోయినవారందరికీ మనలో అదే పిలుపు. ఒకరిని పిలిస్తే మరొకరు చెరిగిపోరు. ఆ ధీమాతోనే కాబోలు, ఇమెల్డా గారు అవునని నొక్కారు.

అదే సంవత్సరం, 2005 నవంబరులో, ఊరి పెద్దావిడలు శోకకాలం ముగించి నకమర గారి మౌనం విడిపించారు. ఆవిడ టీ అయినా తాగకుండా తిన్నగా మన కేంద్రానికి నడిచివచ్చి కూర్చున్నారు.

"ఇమెల్డా, మీ అన్న గొంతు వినిపించు. ఏడాదిన్నర పైగా నోరు కట్టుకున్నాను, ఇప్పుడు నా చెవులైనా చల్లబడనీ."

మూట విప్పితే ముసలావిడ రంగుల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇమెల్డా గారికి సంగతి అర్థమైంది. యంత్రం చెడిపోయిందని ఒక్క మాట అంటే ఎవరైనా నమ్మేవారు. ఆ రోజుల్లో అది వారానికి రెండుసార్లు చెడిపోయేది కూడా. ఆమె ఆ మాట అనలేదు.

"నేనే పోగొట్టాను వదినా. మిషను నన్ను అడిగింది."

"ఏమని అడిగింది?"

"ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టనా అని."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

ఆ ఉదయమే విడివడిన నకమర గారి నోరు మళ్ళీ మూతపడింది. ఇక నాతో మాట్లాడకు అని చేత్తో సైగచేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

మూడు రోజులు ఇమెల్డా గారు అన్నం ముట్టలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఫోను మీద ఫోను చేశారు; చెరిపి దాని మీద మరొకటి రాస్తే పాతది తిరిగిరాదని అందరూ ఒకే జవాబు చెప్పారు. అన్నను రెండోసారి తానే పోగొట్టానని ఆమె కుమిలిపోయారు. నాలుగో రోజున, అప్పట్లో రేడియో వ్యాఖ్యాత, నేడు ఆమె స్థానాన్ని స్వీకరిస్తున్న బెరిల్ నపురుల గారు, వరసకు కూతురు కనుక, చొరవగా అడిగారు.

"అమ్మా, ఆ మూట కట్టిన రోజు ఇంకో మిషన్లో విప్పి చూశావా?"

"చూశాను, రేడియో గదిలో పాతదాంట్లో. ఒక్కటే విప్పాను. అన్న గొంతు వినిపించేసరికి ఏడుపొచ్చి ఆపేశాను."

"ఆపేశావు సరే. విప్పిన దాన్ని తీసేశావా?"

ఇమెల్డా గారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. విప్పినదాన్ని తీసెయ్యలేదు. శోకకాలమంతా, ఊళ్ళో అందరి బొమ్మలూ గొంతులూ జాగ్రత్తగా దాచే మనిషి, సొంత అన్న గొంతును దుప్పటి కప్పిన ఒక పాత యంత్రంలో దాచకుండా వదిలేశారు. మన పద్ధతిలో అది చిన్న తప్పు కాదు. ఆ తప్పే ఇప్పుడు ఒక్కగానొక్క ఆశ. దుమ్ము దులిపి, లోపల కాపురం పెట్టిన బల్లిని బతిమాలి పంపించి, యంత్రాన్ని వెలిగిస్తే, నలభై ఒక్క నిమిషాల ముద్రణ ఒకటి ఉన్నది ఉన్నట్టు కనిపించింది. అది మన జట్టు చిత్తుగా ఓడిన ఆట.

బెరిల్ గారు వెళ్ళి, బతిమాలి, నకమర గారిని పిలుచుకొచ్చారు. ఇమెల్డా గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ముందు గాలి చప్పుడు, తర్వాత ఆయన గొంతు: "మనవాళ్ళు పరిగెడుతున్నారా, నడక నేర్చుకుంటున్నారా? అదిగో, గోలు స్తంభాల వెనక మా నకమర కుర్చీ వేసుకుని కూచుంది. అయ్యా కోచ్ గారూ, ఆవిణ్ణి ఆటలోకి దించండి. బంతి వదలదు, ముప్పయ్యేళ్ళుగా నన్నే వదల్లేదు!"

నకమర గారు కళ్ళు తుడుచుకుంటూ, "చచ్చేదాకా ఆట తెలీలేదు ఈయనకి" అన్నారు. ఆ మాట వెనకే నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది. నలభై ఒక్క నిమిషాలూ అయిపోయాక మరదలి వైపు తిరిగి అన్నారు: "రెండు తప్పులు చేశావే నువ్వు. ఒకదాన్ని ఇంకోటి కాపాడింది. మూడోది చెయ్యకు."

ఇమెల్డా గారు మూడోది చేయలేదు. ఆరు వందల నలభై ఫోటోలూ, ముప్పయి ముద్రణలూ మాత్రం తిరిగి రాలేదు. కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ ఆమె మొదటి పాఠంగా ఆ లెక్కనే, ఏమీ దాచకుండా, తన పేరుతో సహా చెబుతూ వచ్చారు. తాము చేసిన తప్పును కప్పిపుచ్చక దాని మీదనే కార్యాలయపు నియమావళిని నిర్మించిన అధికారులను ఎందరిని చూస్తాం? ఆ రోజు నుంచి ప్రతి మూటకూ రెండు ప్రతులు, ఒకటి ఇక్కడ, ఒకటి ఆలిస్ స్ప్రింగ్స్‌లో. మరో యంత్రంలో మొత్తం విప్పి, చివరి ఫైలు దాకా చూశాకే బయటివి తుడవడం. తాళపు మాటలో సగం తండ్రి వైపు వారి దగ్గర, సగం తల్లి వైపు వారి దగ్గర. ఇద్దరూ వచ్చి పక్కపక్కన కూర్చుంటేనే మూట విప్పుకుంటుంది. ఈ నియమం వల్ల పదేళ్ళుగా మాటల్లేని రెండు కుటుంబాలు మన బల్ల దగ్గర ఒకే కెటిల్‌లోని టీ తాగడం కూడా చూశాం.

ఇక మూట పేరు. గతించినవారి పేరు రాయకూడదు, అందరికీ ఒకే పేరు పెట్టకూడదు. అందుకని, మూట కట్టిన రోజున ఊళ్ళో ఏం జరిగిందో అదే పేరు. మన జాబితా తెరిస్తే 'బడ్జీ చిలకలు బోరు మీద వాలిన రోజు', 'ట్రక్కు టైరు రెండోసారి పేలిన రోజు', 'కంగారూ తోకలు మాడిపోయిన రోజు' అని వరసగా కనిపిస్తాయి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇదేం పద్ధతి అని ముఖం చిట్లించుకుంటే, "మీరు ఏదో ఒకటి చెప్పండి, ఎవరిదో నేను చెబుతాను" అన్నారు ఇమెల్డా గారు. ఆయన పది అడిగారు. పదింటికీ కుటుంబం, సంవత్సరం, ఎప్పుడు తెరవాలో తడుముకోకుండా జవాబు వచ్చింది. ఆ ఏటి నివేదికలో మన పద్ధతిని మెచ్చుకుంటూ ఒక పేరా ఉంది.

2010లో వానలకు దారి తెగిన ఆరు వారాలూ, బడి పాఠాలనూ ఆసుపత్రి కాగితాలనూ ముక్కలుగా కుదించి, సన్నని శాటిలైటు కనెక్షన్ గుండా పట్నానికి చేరవేసిన ఘనత కూడా ఆమెదే. ఒకసారి పంతొమ్మిది ముక్కల్లో ఏడోది అందలేదు. పట్నం వారు ఉన్నవాటితో సర్దుకుంటామన్నారు. "సర్దుకోవడానికి అదేం రొట్టె కాదు నాయనా, ఒక్క ముక్క తగ్గినా మూట విప్పుకోదు" అని చెప్పి, ఏడోదాన్ని పదకొండుసార్లు పంపారు. నేటికి ఆమె చేతుల మీదుగా మూతపడిన మూటలు నూట ఎనభై ఏడు. వేళ వచ్చి విప్పినవి నూట ఇరవై ఒకటి. ఆ తొలి మూట తర్వాత చెడిపోయినది ఒక్కటీ లేదు.

గత వారం బాధ్యతలు అప్పగిస్తూ, ఇమెల్డా గారు బెరిల్ గారి ముందు చివరగా ఒక చిన్న డిస్కు పెట్టారు.

"ఇది ఎవరిదమ్మా?"

"నాదే. ఫోటోలు, గొంతు, అన్నీ పెట్టాను. రెండుసార్లు విప్పి చూశాను. తాళం చెరిసగం ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ ఇచ్చేశాను. నువ్వు ఇంకేం చెయ్యక్కర్లేదు, పేరు పెట్టడం తప్ప."

"పేరు కూడా నువ్వే పెట్టెయ్యరాదూ?"

"ఆ రోజు ఊళ్ళో ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుందే? అది నువ్వే చూసి పెట్టాలి."

పేరు లేనిదే యంత్రం మూటను ఒప్పుకోదు. అందుకని అప్పటికి ఆమె తాత్కాలికంగా ఒకటి రాసి ఉంచారు. బెరిల్ గారు డిస్కు తెరిచి చూశారు. అక్కడ 'ఇంకా రాని రోజు' అని ఉంది.

మాననీయురాలైన ఇమెల్డా నపల్జరి గారికి ఆయురారోగ్యాలు సమృద్ధిగా కలగాలని, మోకాళ్ళ నొప్పి నెమ్మదించాలని, శనివారం ఆటకు నకమర గారి పక్కన కుర్చీ వేసుకుని మన జట్టును ఇద్దరూ తనివితీరా తిట్టాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ మూట పేరు మార్చవలసిన అవసరం బెరిల్ గారికి బహుకాలం కలగకుండుగాక. అంతవరకు ఇమెల్డా, ఇమెల్డా అని ఆ పేరును ఈ ఊరు నోరారా పిలుస్తూనే ఉండాలి, "ఏమిటీ గోల, వస్తున్నానుండండి" అని ఆవిడ పలుకుతూనే ఉండాలి.